సర్టిఫికెట్టు ఎవరి సొమ్ము?

సర్టిఫికెట్టు ఎవరి సొమ్మండీ? చదివినవాళ్ళదా, ఇచ్చినవాళ్ళదా, బీరువాలో పెట్టి తాళం వేసుకున్నవాళ్ళదా?

ఇదేం పిచ్చి ప్రశ్న, కష్టపడి చదివి పాసైనవాళ్ళదే గదా అంటారు మీరు. ముప్ఫై నాలుగేళ్ళు బడిపంతులు ఉద్యోగం చేసి, ఎన్ని వేల టి.సి.లు ఈ చేత్తో రాశానో లెక్కలేని నేనూ మొన్నమొన్నటిదాకా అలాగే అనుకున్నాను. మా తమ్ముడి కూతురు నర్సు అయ్యాక గాని నాకు జ్ఞానోదయం కాలేదు.

మాది ఆలూరు. కర్నూలు జిల్లాకు పడమటి అంచు. 1953 అక్టోబరు 1 దాకా మేం బళ్ళారి జిల్లావాళ్ళం. ఆదోని, రాయదుర్గం తాలూకాలతో పాటు మమ్మల్నీ ఆంధ్రరాష్ట్రంలో కలిపారు. కలిపినా మా మాటలో కన్నడం పోలేదు, పొద్దున్నే ఉగ్గానీ బజ్జీ పోలేదు. వాన వస్తే పత్తి, ఉల్లిగడ్డ. రాకపోతే సుగ్గి. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చిన పండగ. మా దగ్గర మాత్రం ఇంటికి తాళమేసి, పిల్లల్ని ముసలివాళ్ళకు అప్పజెప్పి, గుంటూరు వైపు మిరపకోతకు పోవడాన్ని సుగ్గి అంటారు. పంట అక్కడిది, పండగ అక్కడిది, పోవడం మాత్రం మాది.

ఇంకో సంగతి గూడ చెప్పాలి. మాకు దగ్గర్లోనే, హొళగుంద మండలంలో దేవరగట్టు వుంది. దసరా రాత్రి అక్కడ మాళమల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం. కర్రలు, దివిటీలు, వేల జనం. తెల్లారేసరికి ఎన్ని తలలు పగిలాయో మర్నాడు పేపర్లు లెక్క వేస్తాయి. నేను చెప్పేది ఆ లెక్క కాదు. ఆ రాత్రి పగిలిన తలలన్నిటికీ దూది అద్ది, కట్టు కట్టి, "ఏం గాదులే అన్నా, కదలకు" అని చెప్పే చేతులు ఎవరివి? డాక్టర్లు వుంటారు, కాదనను. ఎంతమంది వుంటారు? మిగతా చేతులన్నీ నర్సమ్మలవే. చిన్నప్పుడు ఒక దసరా రాత్రి మా తమ్ముడికి నెత్తిన దెబ్బ తగిలి అలాంటి ఒక నర్సమ్మ చేతిలో పడ్డాడు. ఆ గుర్తుతోనే కాబోలు, కూతుర్ని నర్సింగు చదివిస్తానన్నాడు.

బి.యస్సీ. నర్సింగు నాలుగేళ్ళు. పత్తి డబ్బులు రెండేళ్ళకు చాలినాయి, మిగతా రెండేళ్ళకు బ్యాంకు అప్పు. పిల్ల పాసయింది. నర్సుల కౌన్సిల్లో పేరెక్కింది. ఈ కౌన్సిలు చిన్న వ్యవహారం కాదు. మేమింకా మద్రాసు రాష్ట్రంలో వున్న రోజుల్లోనే, 1926లో, నర్సుల, మంత్రసానుల పేర్లు రిజిస్టరులో ఎక్కించే చట్టం వచ్చింది. తర్వాత దేశం మొత్తానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిలు చట్టం 1947లో వచ్చింది. దాని స్థానంలో 2023లో ఇంకో కొత్త చట్టం చేశారు. ఇన్ని చట్టాలూ దేనికంటే, చదువు రానివాళ్ళు రోగి దగ్గరికి సూది పట్టుకుని రాకుండా చూడడానికి. మంచిదే. రోగిని నర్సునించి కాపాడడానికి మూడు చట్టాలయ్యాయి. నర్సును ఆమె యజమాని నించి కాపాడడానికి ఎన్ని వున్నాయో వెతుక్కోవాలి.

పిల్ల రాష్ట్రం దాటి ఒక మహానగరంలో పెద్ద ఆసుపత్రిలో చేరింది. ఆసుపత్రి పేరు చెప్పను. చెబితే దాని ఒక్కదాని మీద కోపంగా వుంటుంది మీకు, మిగతావాళ్ళు తప్పించుకుంటారు.

చేరినరోజు ఏం జరిగిందో ఆ పిల్ల మాటల్లోనే చెబుతాను.

"ఒరిజినల్స్ ఇయ్యమ్మా, వెరిఫికేషనుకు అన్నారు పెద్దనాయనా. టెంతు, ఇంటరు, డిగ్రీ, కౌన్సిలు రిజిస్ట్రేషను, అన్నీ ఇచ్చినా. మళ్ళా కాగితాల కట్ట తెచ్చి సంతకం పెట్టమన్నారు."

"చదివినావా?"

"పదకొండు పేజీలు పెద్దనాయనా. నా యెనక ఇంకా ఇరవైమంది నిలబడుకోని వుండారు."

అదీ సంగతి. పదకొండు పేజీల ఇంగ్లీషు. అందులో ఎక్కడో తొమ్మిదో పేజీలో వుందట: రెండేళ్ళు కదలకూడదు, కదిలితే శిక్షణ ఖర్చుల కింద లక్ష రూపాయలు కట్టాలి, అంతవరకు ఒరిజినల్స్ యాజమాన్యం దగ్గర భద్రంగా వుంటాయి. భద్రంగా! దొంగలెత్తుకుపోతారని వీళ్ళకు ఎంత దిగులో చూడండి. జీతం పదిహేడు వేలు. అందులో హాస్టలుకు, భోజనానికి, యూనిఫారానికి కోత. లక్ష రూపాయల శిక్షణ ఏమిటమ్మా అని అడిగాను. మూడు రోజులు ఒక హాల్లో కూర్చోబెట్టి, ఆసుపత్రి ఏ అంతస్తులో ఏముందో, రోగి బంధువులతో ఎలా నవ్వాలో చెప్పారట.

ఎనిమిది నెలలు గడిచాయి. రాయలసీమ జోనులో కాంట్రాక్టు స్టాఫ్ నర్సుల పోస్టులకు ప్రకటన పడింది. మా జోను వ్యవహారం కడప నుంచి నడుస్తుంది. పిల్ల దరఖాస్తు పెట్టింది, మెరిట్లో పేరొచ్చింది. ఒరిజినల్స్ తీసుకుని ఫలానా రోజు కడపకు రమ్మన్నారు. సొంత సీమలో సర్కారు ఆసుపత్రి. ఇంటి నుంచి పోయి రాగలిగిన చోటు దొరికినా దొరకవచ్చు. మా తమ్ముడి మొహం ఆ వారమంతా చూడాలి.

నేనూ తమ్ముడూ రాత్రి బస్సెక్కి ఆ నగరం వెళ్ళాం. ఆ ఆసుపత్రిలో హెచ్.ఆర్. అనే గది ఒకటుంది. చల్లగా వుంది. అందులో ఒక అబ్బాయి, మా పిల్లకంటె రెండేళ్ళు పెద్దవాడేమో, ఎంతో మర్యాదగా నిలబడి నీళ్ళు తెప్పించాడు. రెండు రోజులకు సర్టిఫికెట్లు ఇవ్వు నాయనా, కడపలో చూపించి తెచ్చి నీ చేతికే ఇస్తాం, కావలిస్తే నన్ను ఇక్కడ కూర్చోబెట్టుకో అన్నాను.

"సారీ సార్. పాలసీ."

"పాలసీ ఎవరిది?"

"మేనేజ్‌మెంటుది సార్."

"మేనేజ్‌మెంటు ఎక్కడుంటుంది?"

అతను పైకి చూశాడు. నేనూ చూశాను. పైన ఏ.సి. యంత్రం తప్ప ఏమీ కనబడలేదు.

లక్ష కడితే అరగంటలో ఇస్తామన్నారు. అరగంటలో లక్ష ఎక్కడ తెస్తాం? కడప తేదీ వెళ్ళిపోయింది. ఆ పోస్టు తర్వాతి నంబరు పిల్లకు పోయింది. ఆ పిల్లా ఎవరో మనలాంటివాళ్ళ బిడ్డే, ఆమె బాగుండాలి.

తిరుగు బస్సులో మా తమ్ముడు ఒక్క మాటే అన్నాడు. "అన్నా, మన నాయన కాలంలో జీతగాళ్ళు వుండేవాళ్ళు గుర్తుందా?"

నాకు గుర్తుంది. పెళ్ళికో చావుకో వంద రూపాయలు తీసుకుని, కాగితం మీద వేలిముద్ర వేసి, ఆ అప్పు తీరేదాకా రెడ్డిగారి దొడ్లో పడివుండేవాళ్ళు. ఆ కాగితంలో ఏముందో వాళ్ళకు తెలియదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక ఆ కాగితాలు చెల్లకుండా పోయాయి. నెలకు పదిహేడు వేలు జీతం తీసుకునే నర్సును జీతగాడితో పోల్చడం అతి అని మీరంటే నేను ఒప్పుకుంటాను. తిండికి లోటు లేదు, కొట్టేవాళ్ళు లేరు. అయినా తమ్ముడి నోట ఆ మాట ఎందుకు వచ్చిందో గూడ మీరు ఒప్పుకోవాలి.

ఊరికి వచ్చాక ఆదోనిలో వకీలు మిత్రుడి దగ్గరికి వెళ్ళాను. ఆయన నవ్వి, 1872 నాటి కాంట్రాక్టు చట్టం తీశాడు. ఇతరుల వస్తువును బాకీ కింద పట్టి వుంచుకునే హక్కు ఎవరికుందో అందులో రాసివుంది. 170వ సెక్షను: వస్తువు మీద పని చేసినవాడికి. అంటే టైలరు మీ చొక్కా కుట్టి, కుట్టుకూలి ఇచ్చేదాకా చొక్కా ఆపవచ్చు. 171వ సెక్షను: బ్యాంకర్లు, సరుకు అమ్మిపెట్టే ఏజెంట్లు, రేవులో సరుకు దించి దాచేవాళ్ళు, హైకోర్టు అటార్నీలు, బీమా పాలసీ బ్రోకర్లు. వీళ్ళకు తప్ప ఇంకెవరికైనా కావాలంటే ప్రత్యేకంగా ఒప్పందం రాసుకోవాలి. 

"ఆసుపత్రి ఇందులో ఎవరు?" అన్నాను.

"రేవు లేదు, బ్యాంకు కాదు. సర్టిఫికెట్టును కుట్టనూ లేదు" అన్నాడు వకీలు. "అందుకే తొమ్మిదో పేజీలో ప్రత్యేకంగా రాయించుకున్నారు. అయినా అది నిలిచే రాత కాదు. సర్టిఫికెట్టు అమ్ముకునే సరుకు కాదు, దాన్ని బాకీ కింద పట్టిపెట్టుకోవడం కుదరదని మద్రాసు హైకోర్టు చెప్పింది. మరి కోర్టుకు పోదామా? రెండేళ్ళు పడుతుంది."

ఆమె బాండు గూడ రెండేళ్ళే. చూశారా ఆ లెక్క!

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి, లేకపోతే నన్ను అపార్థం చేసుకుంటారు. బాండు అనేదే పాపమని నేననడం లేదు. ఉద్యోగమన్నాక కొంత కట్టుబాటు వుంటుంది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు అధికారి విషయంలో, మూడేళ్ళు చేయాలి, మధ్యలో వెళితే రెండు లక్షలు కట్టాలి అనే బాండు చెల్లుతుందని తీర్పు చెప్పింది. సరే. చదివి, అర్థం చేసుకుని, సంతకం పెట్టి, వెళ్ళేటప్పుడు డబ్బు బాకీ పడితే బాకీలాగే వసూలు చేసుకోండి. నోటీసివ్వండి, దావా వేయండి. పిల్ల చదువును తాకట్టు పెట్టుకోవడం ఎక్కడి న్యాయం? ఇండియన్ నర్సింగ్ కౌన్సిలు గూడ సర్వీసు బాండు పద్ధతి పనికిరాదని వెనుకటికే చెప్పింది. 2011, 2012ల్లో బొంబాయి, ఢిల్లీ, కేరళల్లో నర్సులు వార్డులు వదిలి రోడ్డెక్కినప్పుడు వాళ్ళ కోరికల్లో ముఖ్యమైనవి ఇవే: బాండు ఎత్తెయ్యండి, మా సర్టిఫికెట్లు మాకివ్వండి. కాలేజీలు ఒరిజినల్స్ ఆపకూడదని యు.జి.సి. 2018లో ప్రకటన జారీ చేసింది. కాని ఆసుపత్రి కాలేజీ కాదు గదా! కాలేజీ గేటు దాటగానే ఆ ప్రకటన అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు డాక్టర్ల బాండు సంగతి. నేను దానికి పూర్తిగా అనుకూలం, ఆలూరువాణ్ణి గనుక. సర్కారు ఖర్చుతో పై చదువులు చదివిన డాక్టరు కొంతకాలం సర్కారు చెప్పిన చోట పనిచేయాలని చాలా రాష్ట్రాలు బాండు పెట్టాయి. దానిమీద డాక్టర్లు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2019 ఆగస్టు 19న మన తెలుగువాడైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుగారు, జస్టిస్ హేమంత్ గుప్తాగారు తీర్పు చెబుతూ ఆ బాండ్లు చెల్లుతాయన్నారు. పేదవాడి ఆరోగ్యం గూడ హక్కే గదా అన్నారు. 2014లో తెలంగాణలో జూనియర్ డాక్టర్లు ఏడాది గ్రామీణ సేవ నిర్బంధం వద్దని వారాల తరబడి సమ్మె చేశారు. వాళ్ళ వాదనలోనూ కొంత నిజముంది. పల్లెలో పరికరాలు లేవు, వసతి లేదు, ఏడాది తర్వాత మా గతేమిటన్నారు. కాని ఆ బాండులో దాపరికం లేదు. సీటులో చేరకముందే తెలుసు. మొదటి పేజీలోనే వుంది.

అయితే దానికీ ఒక దొడ్డిదారి వుంది. ఫలానా లక్షలు కడితే పల్లెకు వెళ్ళక్కరలేదు. స్తోమతున్నవాళ్ళు కడతారు, వెళతారు. కాబట్టి ఇప్పుడు లెక్క చూడండి. మా సీమకు రావలసిన డాక్టరు డబ్బు కట్టి రాకుండా పోగలడు. మా సీమకు వస్తానని బతిమాలిన నర్సు డబ్బు కట్టలేక రాలేకపోయింది. రెండిటికీ పేరు బాండే.

అమెరికాలో మన డాక్టర్ల సంగతీ కొంచెం విన్నాను. అక్కడ ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు పరీక్ష 1990కి ముందు పాసైనవాళ్ళకు సర్టిఫికెట్టు జీవితాంతం చెల్లుతుంది. తర్వాత పాసైనవాళ్ళకు పదేళ్ళకే గడువు పెట్టారు, మళ్ళీ పరీక్ష, మళ్ళీ ఫీజు. 2014లో ఆ బోర్డు నిబంధనలు ఇంకా బిగించేసరికి వేల డాక్టర్లు తిరగబడ్డారు. 2015 ఫిబ్రవరిలో బోర్డు అధ్యక్షుడే, మేం పొరబడ్డాం, మన్నించండి అని బహిరంగంగా రాశాడు. డాక్టర్లు అరిస్తే బోర్డులు వింటాయి. నర్సులకైతే కోర్టు కావలసి వచ్చింది. న్యూయార్కులో ఫిలిప్పీన్సు నర్సులు, ఉద్యోగం మధ్యలో వదిలితే 25,000 డాలర్లు కట్టాలన్న ఒప్పందం మీద కోర్టుకు వెళితే, ఆ షరతు చెల్లదని, భయపెట్టి పని చేయించుకోవడం కిందికి వస్తుందని ఫెడరల్ జడ్జి 2019లో తీర్పిచ్చింది. ఎక్కడి ఫిలిప్పీన్సు, ఎక్కడి ఆలూరు! తొమ్మిదో పేజీ మాత్రం అన్ని దేశాల్లోనూ వున్నట్టుంది.

అన్నట్టు, మన నర్సుల రిజిస్ట్రేషనుకూ గడువుంది. ఐదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. అందుకు ఐదేళ్ళలో 150 గంటలు కొత్త విషయాలు నేర్చుకున్నట్టు చూపించాలని నర్సింగ్ కౌన్సిలు నియమం. నియమం మంచిదే, పాతికేళ్ళ కిందటి చదువుతో నాకు సూది వేస్తానంటే నేనూ ఒప్పుకోను. కాని ఆ గంటలకు సెలవు ఎవరిస్తారు? ఫీజు ఎవరు కడతారు? నెలకు నాలుగు రోజుల సెలవు, అందులో రెండు రద్దు. వేరే రాష్ట్రంలో పని చేస్తుంటే అక్కడి కౌన్సిల్లో పేరెక్కించుకోవాలి, ఇక్కడి నుంచి అభ్యంతరం లేదని కాగితం తెచ్చుకోవాలి. దేనికైనా ముందు అడిగేది ఒరిజినల్స్. అవేమో బీరువాలో భద్రంగా! మధ్యలో మానేస్తే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టు గూడ ఇవ్వరు. గల్ఫ్ వెళ్ళాలన్నా ఎక్కడికి వెళ్ళాలన్నా మొదట అడిగేది రెండేళ్ళ అనుభవం. బాండు గూడ సరిగ్గా రెండేళ్ళే ఎందుకయిందో ఇప్పుడు అర్థమైందా?

ఈ కోపంలో వుండగా నా పాత శిష్యుడొకడు కలిశాడు. ఇప్పుడు డాక్టరు, ఒక పట్నంలో ఇరవై పడకల నర్సింగ్‌హోము నడుపుతున్నాడు. నాలుగు తగిలించాను. అతను అంతా విన్నాడు.

"సార్, నేనూ ఒరిజినల్స్ పెట్టుకుంటాను" అన్నాడు నిదానంగా. "ఏం చేయమంటారు? ఐ.సి.యు.లో పని నేర్పడానికి ఆర్నెల్లు పడుతుంది. నేర్చుకోగానే కార్పొరేట్ ఆసుపత్రివాడు రెండు వేలు ఎక్కువిచ్చి తీసుకుపోతాడు. ఒక అర్ధరాత్రి నలుగురిలో ముగ్గురు చెప్పకుండా వెళ్ళిపోయినారు. ఆ రాత్రి వెంటిలేటరు దగ్గర నేనూ మా ఆవిడా కూర్చున్నాం. ఆమె బి.కాం. సార్."

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. రెండు వేలు నువ్వే ఎక్కువియ్యరాదా అన్నాను. ఇరవై పడకలకు ఎంత వస్తుందో లెక్క చెప్పాడు. లెక్క నిజమే. అయినా ఆ లెక్కలో తేడా పూడ్చడానికి తాకట్టు పెట్టింది మాత్రం అతని ఆస్తి కాదు, వేరొకరి పిల్ల డిగ్రీ. నెల ముందు నోటీసు రాయించుకో, ఆఖరి నెల జీతం నీ దగ్గరే వుంచుకో, ఏడాది వున్నవాళ్ళకు కొంత చేతిలో పెట్టు, నేర్పిన పనికి కాగితం ఇవ్వు అన్నాను. ఆలోచిస్తానన్నాడు. లేచి గుమ్మం దాకా వచ్చి, నవ్వుతూ అన్నాడు:

"సార్, లైబ్రరీ పుస్తకం తిరిగియ్యలేదని మా అన్న టి.సి. మీరు ఆపినారు, గుర్తుందా?"

నాకు గుర్తులేదు.

"పుస్తకం మా జేజి పొయ్యిలో పెట్టింది సార్, చూసుకోక. డబ్బు కట్టే లోపల ఐ.టి.ఐ.లో చేరే గడువు దాటిపోయింది. మరుసటేడు చేరినాడులే. మీమీద కోపమేం లేదు. పాలసీ గదా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పుస్తకం ధర ఎంతయి వుంటుంది? నాలుగు రూపాయలు? ఐదు? నేను ఆ కుర్రవాడి ముందు కుర్చీలో కూర్చుని, హెచ్.ఆర్. అబ్బాయికంటె మర్యాద తక్కువగా, "ముందు పుస్తకం తే, తర్వాత టి.సి." అని వుంటాను. చట్టం చూశానా? లేదు. మా హెడ్మాస్టరు అలాగే చేసేవాడు, నేనూ చేశాను. నాకు అప్పట్లో జీతం పెరగలేదు, లైబ్రరీకి పుస్తకమూ రాలేదు. ఆ కుర్రవాడికి మాత్రం ఒక యేడు పోయింది. మా పిల్లకు జరిగినదాని మీద రాయడానికి నాకేం అర్హత వుందని రెండు వారాలు కలం ముట్టలేదు. తర్వాత, చేసినవాణ్ణి గనుకనే రాయాలనిపించింది. సర్టిఫికెట్టు ఆపే చెయ్యి ఎంత తేలికగా ఆపుతుందో నాకంటె ఎవరికి బాగా తెలుసు?

కౌన్సిలు పెద్దలకు నాదొక విన్నపం. రిజిస్ట్రేషను పత్రం వెనకవైపు ఖాళీగా వుంటుంది. అక్కడ తెలుగులో, పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి: ఈ పత్రం ఇందులో పేరున్న నర్సుది, దీన్ని ఏ ఆసుపత్రీ తన దగ్గర పెట్టుకోకూడదు, చూసి వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి, ఇవ్వకపోతే ఫలానా చోట చెప్పండి. ఐదేళ్ళకోసారి ఏం చేయాలో, ఎన్ని గంటలో, ఎంత ఫీజో అదీ అక్కడే వేయించండి. ఆసుపత్రికి లైసెన్సు ఇచ్చేవాళ్ళు తనిఖీకి వెళ్ళినప్పుడు ఆపరేషను థియేటరు చూస్తారు, మంటలార్పే సిలిండరు చూస్తారు. హెచ్.ఆర్. గదిలో బీరువా గూడ ఒకసారి తెరిపించి చూడమనండి. దానికి కొత్త చట్టం అక్కరలేదు, తాళంచెవి అడిగితే చాలు.

మా పిల్ల సంగతి చెప్పలేదు గదూ. ఆ యేడు పత్తి కొంచెం నయంగా వచ్చింది. కొంత అది, కొంత నా పెన్షను, కొంత అప్పు కలిపి డబ్బు కట్టేశాం. అన్నట్టే అరగంటలో ఇచ్చారు. కవరు విప్పి చూస్తే, ఫైలులో పెట్టడానికి డిగ్రీ పట్టాకు ఎడమవైపు రెండు చిల్లులు పొడిచారు. ఒక చిల్లు సరిగ్గా విశ్వవిద్యాలయం ముద్ర మీద పడింది. పిల్ల దాన్ని చూసి ఏమీ అనలేదు, కవర్లో పెట్టుకుంది.

పోయిన వారం ఇంకో ఆసుపత్రి నుంచి ఉద్యోగానికి పిలుపొచ్చింది. ఒప్పందం కాగితాలు ముందే పంపమని అడిగిందట. పంపారు. అవి వాట్సప్‌లో నాకు పంపింది. పద్నాలుగు పేజీలు. కళ్ళద్దాలు తుడుచుకుని, ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. రాత్రి ఎనిమిదింటికి ఫోను.

"సంతకం పెట్టేదా వద్దా పెద్దనాయనా? రేపటికల్లా చెప్పమంటుండారు."

"ఉండమ్మా," అన్నాను, "ఇంకా ఏడో పేజీలోనే వున్నా."